ఆత్మరక్షణ పిస్టల్‌కు లైట్ బిగించాలా, వద్దా?

2021 డిసెంబర్ నెలాఖరు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరం. తెల్లవారుజామున ఒక ఇంట్లో సెక్యూరిటీ అలారం మోగింది. గ్యారేజీలో ఎవరో ఉన్నారు. దొంగ చొరబడ్డాడనుకుని ఇంటి యజమాని తుపాకీ పేల్చాడు. తీరా చూస్తే అక్కడ పడి ఉన్నది అతని కన్నకూతురే. ఆ అమ్మాయికి 16 ఏళ్లు. ఆస్పత్రికి తీసుకెళ్లినా ప్రాణం దక్కలేదు.

ఆ తండ్రి చేతిలో తుపాకీ ఉంది. ఇంటివాళ్లను కాపాడుకోవాలన్న తపనా ఉంది. లేనిదల్లా ఒక్కటే, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియడం. ఆత్మరక్షణ కోసం పిస్టల్ ఉంచుకునేవాళ్లు ఎక్కడ కలిసినా వచ్చే ప్రశ్న ఒకటుంది. పిస్టల్‌కు లైట్ బిగించుకోవాలా, వద్దా? పైకి ఇది సామాను కొనుగోలు వ్యవహారంలా కనిపిస్తుంది. అసలు సంగతి మాత్రం మనిషిని గుర్తుపట్టడం గురించి.

అమెరికాలో గ్యాస్ స్టేషన్లు, కిరాణా దుకాణాలు, మోటళ్లు నడిపే తెలుగువాళ్లు, హైదరాబాదీలు చాలామందే ఉన్నారు. రాత్రి పొద్దుపోయాక గల్లా కట్టేసి ఒంటరిగా కారు దాకా నడిచేవాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. లైట్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ ముంచుతుంది, చట్టం ఏమంటుంది అన్న వివరాలు ఇవీ.

పిస్టల్ లైట్ అంటే ఏంటి?

పిస్టల్ గొట్టం కింద, ట్రిగ్గర్ గార్డ్‌కు ముందు బిగించే చిన్న టార్చే ఇది. ఇంగ్లిష్‌లో వెపన్ లైట్ అంటారు. ఇప్పటి పిస్టళ్లలో చాలావాటికి గొట్టం కింద గాడులున్న పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని రైల్ అంటారు. లైట్‌ను ఆ రైల్‌కు ఎక్కించి స్క్రూతో బిగిస్తారు.

జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కోచ్ కంపెనీ 1993లో తెచ్చిన యూఎస్‌పీ పిస్టల్‌కు సొంత కొలతలతో రైల్ పెట్టింది. 1995లో అమెరికా సైన్యం ఆయుధాల రైల్‌కు ఒక ప్రామాణిక కొలత ఖరారు చేసింది. న్యూజెర్సీలోని పికాటినీ ఆయుధ కేంద్రం పేరు మీద దాన్ని పికాటినీ రైల్ అంటున్నారు. 1990ల చివరికల్లా ఆస్ట్రియా కంపెనీ గ్లాక్ కూడా తన పిస్టళ్లకు రైల్ ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ప్రత్యేక పోలీసు దళాల దగ్గరే కనిపించిన ఈ లైట్లు, ఆ తర్వాత మామూలు పోలీసుల చేతికి, అక్కడి నుంచి సాధారణ జనం చేతికి వచ్చాయి.

ఎల్ఈడీలు రావడంతో వెలుగు కూడా బాగా పెరిగింది. 1980లలో పేరు తెచ్చుకున్న ష్యూర్‌ఫైర్ 6పీ చేతి టార్చ్ ఇచ్చింది 65 ల్యూమెన్ల వెలుగు మాత్రమే. ఇవాళ అరచేతిలో ఇమిడే పిస్టల్ లైట్ కూడా 500 నుంచి 1,000 ల్యూమెన్లు ఇస్తోంది.

ల్యూమెన్లు చూసి మోసపోవద్దు

డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది ల్యూమెన్ల లెక్క. లైట్ నుంచి మొత్తం ఎంత వెలుగు బయటికొస్తుందో అది చెబుతుంది. ఆ వెలుగు ఎంత దూరం సూటిగా వెళుతుందో చెప్పేది వేరే లెక్క. దాన్ని క్యాండెలా అంటారు.

ష్యూర్‌ఫైర్ కంపెనీ ఎక్స్300 అల్ట్రా లైట్ 1,000 ల్యూమెన్లు, 11,300 క్యాండెలాలు ఇస్తుంది. అదే కంపెనీ ఎక్స్300 టర్బో ల్యూమెన్లు 650 మాత్రమే, కానీ క్యాండెలాలు 66,000. మొదటిది గది నిండా పరుచుకుంటుంది. రెండోది దూరంగా ఉన్న మనిషి మీద గట్టిగా పడుతుంది. స్ట్రీమ్‌లైట్ కంపెనీ టీఎల్ఆర్-1 హెచ్ఎల్‌లో 1,000 ల్యూమెన్లు, 20,000 క్యాండెలాలు ఉంటాయి. ఒంటి మీద దాచుకోవడానికి చేసిన చిన్న టీఎల్ఆర్-7ఏ అయితే 500 ల్యూమెన్లు, 5,000 క్యాండెలాలు.

ఇంట్లో హాలు, వరండా, మెట్లు చూసుకోవడానికి 500 ల్యూమెన్లు సరిపోతాయి. పార్కింగ్ లాట్‌లో వీధి దీపాల వెలుగును, ఎదురుగా వచ్చే కారు లైట్లను దాటి చూడాలంటే క్యాండెలాలు ఎక్కువ ఉండాలి. అలాగని అందరికీ పెద్ద లైటే మంచిదని కాదు. తెల్లటి గోడలున్న ఇరుకు గదిలో మరీ గట్టి వెలుగు వేస్తే అది గోడకు తగిలి తిరిగి మన కళ్లలోనే పడుతుంది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ అలవాటును ఒక్క మెరుపు చెడగొట్టేస్తుంది. నిద్రలోంచి లేచిన మనిషికి ఇది ఇంకా ఇబ్బంది.

బిగిస్తే లాభం ఏంటి?

మొదటి లాభం, చేయి మిగులుతుంది. రెండు చేతులతో పిస్టల్ పట్టుకున్నప్పుడు గురి నిలకడగా ఉంటుంది. ఒక చేతిలో టార్చ్, ఇంకో చేతిలో పిస్టల్ ఉంటే అంత పట్టు ఉండదు. ఇక ఒక చేత్తో పిల్లవాణ్ని ఎత్తుకోవాల్సి వచ్చినా, తలుపు నొక్కి పట్టుకోవాల్సి వచ్చినా, 911కి ఫోన్ చేయాల్సి వచ్చినా విడిగా టార్చ్ పట్టుకునే వీలే ఉండదు. అలాంటప్పుడు పిస్టల్‌కు ఉన్న లైటే దిక్కు.

రెండోది, వెతుక్కునే పని ఉండదు. అర్ధరాత్రి కంగారులో మంచం పక్కన టార్చ్ ఎక్కడుందో తడుముకోవడం అందరికీ అనుభవమే. బిగించి ఉన్న లైట్ ఆయుధంతో పాటే చేతికి వస్తుంది.

మూడోది, ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్ముతాయి. గట్టి తెల్లటి వెలుగు ముఖం మీద పడితే ఎవరైనా కాసేపు తడబడతారు. ఆ వెలుగు వెనుక ఎవరున్నారో, ఎంతమంది ఉన్నారో వాడికి కనిపించదు. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. వెలుగు వేసినవాడు ఎక్కడున్నాడో చీకట్లో అందరికీ తెలిసిపోతుంది. అందుకే లైట్‌ను ఆపకుండా వెలిగించి తిరగకూడదు. వేసి, చూసి, ఆపి, పక్కకు జరగాలని శిక్షకులు నేర్పుతారు.

అన్నిటికంటే పెద్ద లాభం, కాల్చకుండా ఆగగలగడం. ఎదుటి మనిషి చేతిలో ఉన్నది కత్తా, సెల్‌ఫోనా? వచ్చింది దొంగా, నైట్ షిఫ్ట్ నుంచి త్వరగా వచ్చిన తమ్ముడా? ఈ తేడా తెలిస్తే పేల్చాల్సిన అవసరమే లేదని తేలే సందర్భాలు ఉంటాయి. లైట్ గురికి సాయం చేస్తుందని అందరూ అంటారు. గురిపెట్టకుండా ఆగడానికి కూడా అదే సాయం చేస్తుంది.

పెద్ద ప్రమాదం: తుపాకీనే టార్చ్‌లా వాడటం

పిస్టల్‌కు బిగించిన లైట్ ఎటు తిరిగితే తుపాకీ మూతి కూడా అటే తిరుగుతుంది. దేన్ని చూడాలనుకుంటే దాని మీద తూటా దిగే దారి పెట్టినట్టే. ఈ విషయంలో రెండో మాట లేదు.

1976లో అరిజోనాలో గన్‌సైట్ శిక్షణ కేంద్రం పెట్టిన జెఫ్ కూపర్ చెప్పిన నాలుగు భద్రతా నియమాలు అమెరికాలో తుపాకీ పట్టే ప్రతివాళ్లకూ నేర్పుతారు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. నాశనం కావడానికి సిద్ధపడని దేని మీదికీ మూతి తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. ఎదురుగా ఉన్నది ఏంటో, దాని వెనుక ఏముందో కచ్చితంగా తెలియాలి.

చీకట్లో ఈ రెండో నియమం, నాలుగో నియమం ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. ఎవరో తెలియాలంటే వెలుగు వేయాలి. వెలుగు వేయాలంటే మూతి తిప్పాలి. అక్కడ ఉన్నది కూతురైతే? వంటింట్లోకి నీళ్లకోసం వచ్చిన అత్తగారైతే? పిస్టల్ లైట్ ఒక్కటే ఉన్న మనిషికి ఈ చిక్కు తప్పదు.

దీనికి శిక్షకులు చెప్పే ఉపాయం, మూతిని కిందికి వంచి వెలుగును నేల మీద వేయడం. 500 ల్యూమెన్లు దాటిన లైట్‌ను నేల మీద వేసినా ఆ వెలుగు చెదిరి గది అంతా పరుచుకుంటుంది. మనిషి ముఖం, చేతులు కనిపిస్తాయి. మూతి మాత్రం ఎవరి మీదా ఉండదు. అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ నేల కింద ఇంకో కుటుంబం ఉంటుంది.

గోడల సంగతీ అంతే. హైదరాబాద్‌లో ఇటుక గోడల మధ్య పెరిగినవాళ్లకు గోడ అంటే అడ్డు. అమెరికా ఇళ్లలో లోపలి గోడలు చాలావరకు చెక్క ఫ్రేముకు రెండు వైపులా జిప్సం బోర్డు కొట్టినవే. పిస్టల్ తూటా ఆ గోడను దాటి పక్క గదిలోకి పోతుంది. గోడ వెనుక ఎవరు పడుకున్నారో ఏ లైటూ చూపించలేదు. అది ముందే తెలిసి ఉండాలి.

స్విచ్ ఎక్కడ, వేలు ఎక్కడ?

లైట్ స్విచ్ సాధారణంగా ట్రిగ్గర్ గార్డ్‌కు సరిగ్గా ముందు ఉంటుంది. అంటే ట్రిగ్గర్‌కు, స్విచ్‌కు మధ్య దూరం రెండు మూడు అంగుళాలే. కొన్ని మోడళ్లకు పిడి ముందు భాగంలో, ట్రిగ్గర్ గార్డ్ కింద నొక్కే స్విచ్ కూడా పెడతారు. పట్టు బిగిస్తే లైట్ వెలుగుతుంది.

2010లో టెక్సస్‌లోని ప్లానోలో ఒక పోలీసు అధికారి చేతిలో తుపాకీ పేలి, మాదకద్రవ్యాల కేసులో అనుమానితుడు ఒకరు చనిపోయారు. తాను లైట్ స్విచ్ నొక్కబోయానని ఆ అధికారి చెప్పారు. శిక్షణ పొందిన పోలీసు చేతిలోనే ఇలా జరిగిందంటే, ఏడాదికోసారి షూటింగ్ రేంజ్‌కు వెళ్లే దుకాణదారు సంగతి ఏంటి?

కంగారులో ఒక చేతి పట్టు బిగిస్తే రెండో చేతి వేళ్లు కూడా తెలియకుండానే బిగుసుకుంటాయి. అందుకే నియమం సూటిగా ఉండాలి. లైట్ నొక్కేది ఎప్పుడూ రెండో చేతి బొటనవేలే. ట్రిగ్గర్ వేలికి లైట్‌తో పని లేదు. ఆ వేలు ఫ్రేమ్ మీద చాచి ఉండాలి. ఒంటి చేత్తో వాడాల్సి వస్తే ఎలా అన్నది ఖాళీ తుపాకీతో, శిక్షకుడి ఎదుట, ముందే సాధన చేసుకోవాలి.

చేతి టార్చ్‌కు బదులు కాదు

రాత్రి 11 గంటలకు షాపు షట్టర్ దించి వచ్చే మనిషిని ఉదాహరణకు తీసుకోండి. షట్టర్ తాళం సరిగ్గా పడిందో లేదో చూడాలి. చెత్త డబ్బాల వెనుక చప్పుడైతే చూడాలి. కారు వెనుక సీటు చూడాలి. పోయిన తాళంచెవి వెతుక్కోవాలి. వీటిలో ఏ ఒక్కదానికీ పిస్టల్ తీయడానికి వీల్లేదు. వీటన్నిటికీ పనికొచ్చేది జేబులో ఉన్న చేతి టార్చ్.

చేతి టార్చ్ ఎవరి మీద వేసినా నేరం కాదు. పరిచయస్తుడైతే సారీ చెప్పి నవ్వుకోవచ్చు. అపరిచితుడైతే తమను ఎవరో గమనిస్తున్నారని తెలిసి పక్కకు తప్పుకోవచ్చు. గొడవ మొదలు కాకముందే తేలిపోయే అవకాశం టార్చ్ ఇస్తుంది. ఆ అవకాశం తుపాకీకి బిగించిన లైట్‌లో లేదు.

చేతి టార్చ్‌తో పాటు పిస్టల్ పట్టే పద్ధతులు కూడా కొన్ని స్థిరపడ్డాయి. టార్చ్ చేతిని ఒంటికి దూరంగా, పైకెత్తి పట్టేది ఎఫ్‌బీఐ పద్ధతి. వెలుగును చూసి ఎవరైనా కాలిస్తే ఆ తూటా ఒంటికి దూరంగా పోవాలన్నది దాని ఉద్దేశం. 1970లలో మైఖేల్ హ్యారిస్ రూపొందించిన పద్ధతిలో రెండు మణికట్లు ఒకదాని మీద ఒకటి వేసి, చేతుల వెనుక భాగాలు ఒకదానికొకటి ఒత్తుకునేలా పట్టుకుంటారు. టార్చ్‌ను దవడ పక్కన, మెడకు ఆనించి పట్టే పద్ధతి ఇంకోటి. తల ఎటు తిరిగితే వెలుగు అటు తిరుగుతుంది, పిస్టల్ మాత్రం కిందికే ఉంటుంది. కొత్తవాళ్లకు ఇది తేలిగ్గా పట్టుబడుతుంది.

కాబట్టి కొనే వరుసలో ముందు రావాల్సింది చేతి టార్చ్. పిస్టల్ లైట్ ఆ తర్వాతే. మొదటిది మనిషిని వెతకడానికి, గుర్తుపట్టడానికి. రెండోది, ప్రమాదం ఖాయమని తేలి పిస్టల్ బయటికి వచ్చాక, ఎదుట ఏం జరుగుతోందో చూస్తూ ఉండటానికి.

ఒంటి మీద పెట్టుకునేవాళ్లు ఆలోచించాల్సినవి

నడుముకు కట్టుకుని తిరిగే పిస్టల్‌కు లైట్ బిగిస్తే ముందు మారేది బరువు. టీఎల్ఆర్-7ఏ దాదాపు 68 గ్రాములు. పెద్ద లైట్లు 110 నుంచి 120 గ్రాముల దాకా ఉంటాయి. వినడానికి తక్కువే. రోజూ 12 గంటలు కౌంటర్ దగ్గర నిలబడి, కూర్చుని, వంగి లేచే మనిషికి ఆ తేడా తెలుస్తుంది.

రెండోది హోల్‌స్టర్. లైట్ లేని పిస్టల్ కోసం చేసిన హోల్‌స్టర్‌లో లైట్ ఉన్న పిస్టల్ పట్టదు. ఆ పిస్టల్‌కు, ఆ లైట్ మోడల్‌కు కలిపి చేసిన హోల్‌స్టరే కొనాలి. పెద్ద లైట్లకు చేసే హోల్‌స్టర్లలో ట్రిగ్గర్ గార్డ్ చుట్టూ సందు మిగులుతుంది. చొక్కా అంచో, జాకెట్ తాడో ఆ సందులోకి దూరి ట్రిగ్గర్‌కు తగిలితే అంతే సంగతులు. కొనే ముందు ట్రిగ్గర్ పూర్తిగా కప్పి ఉందా లేదా అన్నది ఖాళీ తుపాకీతో చూసుకోవాలి. హోల్‌స్టర్ పట్టదని పొద్దున లైట్ తీసేసి, రాత్రి మళ్లీ బిగించడం ఇంకా ప్రమాదం. బిగించేటప్పుడు చేయి మూతి దగ్గరే ఉంటుంది. మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాకే లైట్ ముట్టుకోవాలి.

మూడోది నిర్వహణ. ఈ లైట్లలో చాలావరకు సీఆర్123ఏ అనే 3 వోల్టుల లిథియం బ్యాటరీ వాడతారు. పూర్తి వెలుగులో ఆపకుండా వాడితే గంట, గంటన్నర వస్తుంది. వాడకపోయినా హోల్‌స్టర్‌లో స్విచ్ నొక్కుకుపోయి బ్యాటరీ అయిపోవచ్చు. వారానికోసారి వెలిగించి చూడటం, ఆరు నెలలకోసారి బ్యాటరీ మార్చడం మంచి అలవాటు. కాల్చినప్పుడల్లా లైట్ అద్దం మీద మసి పేరుకుంటుంది. తుడవకపోతే 1,000 ల్యూమెన్ల లైట్ కూడా మసక దీపమే. లైట్ బిగించాక రోజూ వాడే తూటాలనే రేంజ్‌లో కాల్చి, పిస్టల్ ఇరుక్కోకుండా పనిచేస్తోందా లేదా చూసుకోవాలి.

ఇంత తంటా పడటం ఇష్టం లేనివాళ్లు, పగలే ఎక్కువగా తిరిగేవాళ్లు ఒంటి మీది పిస్టల్‌కు లైట్ పెట్టుకోకపోయినా తప్పు లేదు. జేబులో టార్చ్ మాత్రం తప్పనిసరి. మంచం పక్కన, తాళం వేసిన పెట్టెలో ఉంచే పిస్టల్ సంగతి వేరు. దానికి బరువు, హోల్‌స్టర్ బాధలు లేవు. అవసరం పడితే అది రాత్రే పడుతుంది. ఆ పిస్టల్‌కు లైట్ ఉండటం మంచిదే. దాని పక్కనే విడిగా ఒక టార్చ్, ఒక ఫోన్ కూడా ఉండాలి.

చట్టం ఏమంటుంది?

పిస్టల్‌కు మామూలు తెల్ల లైట్ బిగించడాన్ని అమెరికా కేంద్ర తుపాకీ చట్టాలు నిషేధించలేదు. చిక్కు లైట్‌తో రాదు, దాన్ని ఎవరి మీద వేశారన్న దానితో వస్తుంది. పిస్టల్ లైట్‌ను మనిషి మీద వేయడమంటే చట్టం దృష్టిలో తుపాకీ గురిపెట్టడమే. టెక్సస్ పీనల్ కోడ్ సెక్షన్ 22.05 ప్రకారం తెలిసి ఒకరి వైపు తుపాకీ చూపిస్తే, అందులో తూటా లేదని అనుకున్నా సరే, నిర్లక్ష్యంగా ప్రమాదం తెచ్చినట్టే భావిస్తారు. చూద్దామని లైట్ వేశానంటే కుదరదు.

1992 అక్టోబర్‌లో లూసియానా రాష్ట్రం బాటన్ రూజ్‌లో 16 ఏళ్ల జపాన్ విద్యార్థి యోషిహిరో హట్టోరి హాలోవీన్ పార్టీ అనుకుని పొరపాటున వేరే ఇంటికి వెళ్లాడు. ఇంటి యజమాని కాల్చడంతో చనిపోయాడు. క్రిమినల్ కేసులో యజమాని నిర్దోషిగా బయటపడ్డాడు. కానీ 1994లో సివిల్ కోర్టు 6.5 లక్షల డాలర్లకు పైగా పరిహారం కట్టమంది. 2023 ఏప్రిల్‌లో కాన్సస్ సిటీలో తమ్ముళ్లను తీసుకెళ్లడానికి వచ్చి, తప్పుడు ఇంటి బెల్ కొట్టిన 16 ఏళ్ల కుర్రాడిని 84 ఏళ్ల యజమాని తలుపు అద్దంలోంచి కాల్చాడు. కుర్రాడు అదృష్టవశాత్తూ బతికాడు. ఈ రెండు చోట్లా వచ్చినవాళ్లు అడ్రస్ తప్పిన పిల్లలే.

తెలుగువాళ్లు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది తమ వీసా. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. 2022లో వచ్చిన సవరణతో ఈ నేరానికి గరిష్ట శిక్ష 15 ఏళ్లకు పెరిగింది. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, ఫ్లోరిడాలో 2023 జూలై నుంచి పర్మిట్ లేకుండానే పిస్టల్ దాచుకుని తిరగవచ్చు. కానీ ఆ సడలింపు వీసా మీద ఉన్నవాళ్లకు వర్తించదు. కొన్న రశీదు ఎవరి పేరు మీద ఉందన్నది కూడా ముఖ్యం కాదు. చేతిలో ఉంటే చాలు.

ఫ్లోరిడాలో ఇలాంటి కేసే ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్టూడెంట్ వీసాపై వచ్చిన యూఏఈ యువకుడు రెహైఫ్‌ను మార్కులు సరిగా లేక యూనివర్సిటీ తొలగించింది. ఆ తర్వాత అతను షూటింగ్ రేంజ్‌కు వెళ్లి తుపాకీ కాల్చాడు. దాని మీదే కేసు పడింది, శిక్ష పడింది. తాను అమెరికాలో చట్టవిరుద్ధంగా ఉంటున్నట్టు అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలంటూ 2019లో సుప్రీంకోర్టు అతనికి అనుకూలంగా తీర్పిచ్చింది. అప్పటికే ఏళ్లు గడిచిపోయాయి.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కేంద్ర చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవచ్చు. రాష్ట్ర నిబంధనలు విడిగా చూసుకోవాలి. ఇల్లినాయిస్‌లో ఎఫ్ఓఐడీ కార్డు కావాలి. న్యూజెర్సీలో కొనడానికి, ఒంటి మీద పెట్టుకోవడానికి వేర్వేరు పర్మిట్లు కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపేసే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో ఒకరు సిటిజన్, ఇంకొకరు వీసా మీద ఉంటే పిస్టల్ పెట్టె తాళం, దాని కోడ్ సిటిజన్ దగ్గర మాత్రమే ఉండాలి. అలాంటి ఇంట్లో పిస్టల్ కొనే ముందే లాయర్‌ను అడగడం మేలు.

చివరికి ఏం చేయాలి?

చట్టప్రకారం అర్హత ఉండి, పిస్టల్ ఉంచుకోవాలని నిర్ణయించుకున్నవాళ్లు ఈ వరుసలో పోవడం మంచిది. ముందు మంచి చేతి టార్చ్ ఒకటి జేబులో, ఒకటి మంచం పక్కన. తర్వాత చీకట్లో కాల్చడం నేర్పే శిక్షకుడి దగ్గర ఒకటి రెండు క్లాసులు. ఆ తర్వాత ఇంట్లో ఉంచే పిస్టల్‌కు లైట్. ఒంటి మీది పిస్టల్‌కు లైట్ అన్నది సరైన హోల్‌స్టర్ దొరికి, సాధన చేసే ఓపిక ఉంటేనే. పిస్టల్ లైట్ ధర కంపెనీని బట్టి 100 నుంచి 350 డాలర్ల దాకా ఉంటుంది. బడ్జెట్ తక్కువైతే లైట్ మానుకుని ఆ డబ్బు శిక్షణకు పెట్టడమే తెలివైన పని.

ఇల్లంతా తిరిగి దొంగను వెతకడం ఇంటివాళ్ల పని కాదు, పోలీసుల పని. పిల్లలను ఒక గదిలోకి చేర్చి, తలుపు వేసుకుని, 911కి ఫోన్ చేసి, లైన్‌లోనే ఉండటం అన్నిటికంటే భద్రం. పోలీసులు వచ్చేసరికి చేతిలో పిస్టల్ ఉండకూడదు. లైట్ వెలుగుతున్న తుపాకీతో ఎదురుపడిన మనిషి ఇంటి యజమాని అని వాళ్లకు ఎలా తెలుస్తుంది?

పైసా ఖర్చు లేని పని ఇంకోటి ఉంది. చప్పుడు వినగానే గోడపై స్విచ్ అందితే ఇంటి లైటే వేయాలి. గట్టిగా పిలవాలి. "ఎవరది?" అన్నా, "కౌన్ హై?" అన్నా ఇంట్లోవాళ్లయితే అదే భాషలో వెంటనే బదులిస్తారు. ఆలస్యంగా వచ్చే కొడుకు, కూతురు, తమ్ముడు గేటు దగ్గరికి రాగానే ఫోన్ చేయాలని ఇంట్లో ఒక నియమం పెట్టుకోవాలి. ఆ నియమం ఇంటికొచ్చే చుట్టాలకు కూడా ముందే చెప్పి ఉంచాలి.